రెండో ప్రదక్షిణలో ఉన్న కారు

నాకు ముప్పై ఆరేళ్లు. రిటైరయ్యానంటే జనం నవ్వుతారు. కానీ పాత కార్లు తనిఖీ చేసే ఉద్యోగంలో మనిషి కంటే ముందు నడుము రిటైరవుతుంది. నేను దాని వెనకాల వచ్చేశాను.

కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, రాజమండ్రిలో ప్రసాదరావు గారి ఆఫీసులో చేరాను. ఎవరైనా పాత కారు కొనబోతుంటే ముందు మేం వెళ్లి చూసి, బాగోగులు రాసి ఇస్తాం. అంతే మా పని. పన్నెండేళ్లు కార్ల కిందకి దూరాను. పోయిన ఏడాది డాక్టరు గారు ఇక వంగొద్దన్నారు. వంగకుండా కారు చూడటమంటే ఫొటో చూసి పెళ్లి ఖాయం చేసుకోవడమే. అందుకని మానేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ పరికరం ఎలా పట్టుకోవాలో ఆఫీసులో నేర్పిస్తారు. నేర్పనివి కొన్ని ఉన్నాయి.

మార్కుల పట్టిక

చేరిన కొత్తలో నేనొక పట్టిక తయారు చేశాను. మొత్తం వంద మార్కులు. తిరిగిన కిలోమీటర్లకి నలభై, ఇంజనుకి ఇరవై, గేర్లూ క్లచ్చీ కలిపి పదిహేను, తుప్పుకి పదిహేను, రంగుకీ సీట్లకీ పది. ఎంత తక్కువ తిరిగితే అన్ని ఎక్కువ మార్కులు. కంప్యూటర్లో అంకెలు వేస్తే చాలు, కొనాలో వద్దో అదే చెప్పేస్తుంది.

ప్రసాదరావు గారు దాన్ని కళ్లజోడు పైకెత్తి చూశారు.

"బాగుందోయ్. కిలోమీటర్లకి నలభై ఎందుకిచ్చావు?"

"కారు వయసు తెలిసేది దాన్నిబట్టే కదండీ."

"వయసు కాదు. కారు చెప్పుకునే వయసు," అన్నారు. అని తన కాఫీ తను తాగారు. నా పట్టిక మార్చమని మాత్రం చెప్పలేదు. ఆయన ఏదీ నోటితో మార్పించరు, మనమే సిగ్గుపడి మార్చుకునేదాకా ఆగుతారు. పై అధికారిగా అది గొప్ప గుణమని ఇప్పుడంటాను. అప్పుడు అనలేదు.

భోజనానికి ముందు రాయండి

ఆయనలో ఒక లోపం కూడా ఉంది. దాన్ని దాచి మిమ్మల్ని మోసం చేయను. ప్రసాదరావు గారి చెవి ఇంజను చప్పుడు విని ఏ సిలిండరుకి జబ్బో చెప్పేస్తుంది. అదే ఆయన అమ్మేవాళ్లింట్లో భోజనం చేస్తే చెవి మూసుకుపోతుంది.

మా జిల్లాల్లో ఈ ఉద్యోగానికున్న పెద్ద ప్రమాదం జాకీ జారడం కాదు, మర్యాద. కారు చూడ్డానికి వచ్చామంటే ముందు మంచినీళ్లు, తర్వాత కొబ్బరిబొండాం, ఆ తర్వాత "ఎండన పడి వచ్చారు, రెండు ముద్దలు తిని చూడండి" అంటారు. గుత్తివంకాయ కొసరి కొసరి వడ్డించిన చేతులవైపు చూస్తూ "అండీ, మీ ఛాసిస్ కుళ్లిపోయిందండీ" అనడం ఎవరి తరం? ఒకసారి ఆయన పులస పులుసు తిని రాసిన రిపోర్టు నేను చదివాను. "వయసుకి తగిన ఆరోగ్యం" అని ఉంది. ఆ కారుకి ముందు చక్రం ఒకవైపు చూస్తుంటే వెనక చక్రం ఇంకోవైపు చూస్తోంది.

అందుకని నేనొక నియమం పెట్టుకున్నాను. రిపోర్టు రాసి, సంతకం చేసి, ఆ తర్వాతే చేతులు కడుక్కోవాలి. ఈ పన్నెండేళ్లలో నేను పెట్టుకున్న నియమాల్లో చివరిదాకా నిలబడింది ఇదొక్కటే.

వీర్రాజు గారికి కావలసిన కారు

రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన వీర్రాజు గారు నిడదవోలు నుంచి వచ్చారు. పాత స్పోర్ట్స్ కారు కొనాలన్నారు. రెండే సీట్లు, గుడ్డ టాపు, కూర్చుంటే రోడ్డు చేతికందేంత కిందకి ఉండే రకం. వెంట భార్య సత్యవతి గారు కూడా ఉన్నారు. ఈ వయసులో ఇలాంటి కారు ఎందుకని నేను మర్యాదగా అడిగాను. ఆయన నోరు తెరిచేలోపు ఆవిడ చెప్పారు.

వాళ్ల పెళ్లికి ఊరేగింపు కోసం ఎవరో కాంట్రాక్టరు గారి దగ్గర ఇలాంటి కారే అడిగి తెచ్చారట. సగం దారిలో అది ఆగిపోయింది. బ్యాండు వాళ్లు ముందు వెళ్లిపోయారు. పెళ్లికూతురు పట్టుచీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని, బురదలో, విడిది దాకా నడిచింది. కారుని తోయడంలో పెళ్లికొడుకు కూడా ఓ చెయ్యి వేశాడు. ఆ నడక సంగతి అప్పట్నుంచి ఆ ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైనా వస్తుంది, ఎక్కువైనా వస్తుంది.

ఇప్పుడాయనకి షష్టిపూర్తి. నీకేం కావాలని భార్యని అడిగారు. ఆవిడ అన్న మాటని ఆయన మాకు రైల్వే ఆర్డరు చదివినట్టు చదివి వినిపించారు. అలాంటి కారులోనే అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి వెళ్లాలి. దారిలో ఆగకూడదు.

"ఆగిందా, దిగి ఏ బండి దొరికితే ఆ బండెక్కి పాలకొల్లు పోతాను. మా అన్నయ్య ఇంకా ఉన్నాడు," అన్నారు సత్యవతి గారు.

నవ్వుతూనే అన్నారు. వీర్రాజు గారు మాత్రం నవ్వలేదు. ముప్పై ఆరేళ్ల కాపురంలో పడిన ఒక్క మచ్చ తుడుచుకోవడానికి ఆయనకి దొరికిన అవకాశం ఇదొక్కటే. ఆ సంగతి ఆయన ముఖంలో కనిపించింది.

అదృష్టమో దురదృష్టమో, అలాంటి కార్లు మా చుట్టుపక్కల రెండున్నాయి. భీమవరం వైపు ఒక రాజుల కుటుంబంలో ఇద్దరన్నదమ్ములు ఒకేసారి, ఒకే రంగువి, చెరొకటి కొన్నారు. అన్నగారి కారు ఇప్పుడు కొడుకు బుల్లిరాజు గారి దగ్గరుంది. తమ్ముడు గారు తన కారుని గృహప్రవేశం నాడు పురోహితులు సోమయాజులు గారికి సంభావనగా ఇచ్చేశారు. ఒకే రోజు పుట్టి రెండు చోట్ల పెరిగిన కవలలన్నమాట. ఇంజనీరుకి ఇంతకంటే చక్కని ప్రయోగం దొరకదు.

బుల్లిరాజు గారి కారు మీటర్లో పద్దెనిమిది వేల కిలోమీటర్లున్నాయి. సోమయాజులు గారు ఫోన్లోనే చెప్పేశారు. "నలభై వేలు చూపిస్తుంది నాయనా. కానీ అది రెండో ప్రదక్షిణ." ఆ పాత మీటరుకి అయిదంకెలే. లక్ష దాటగానే మళ్లీ సున్నాకి వచ్చింది. నిజానికి తిరిగింది లక్షా నలభై వేలు.

నా పట్టిక ప్రకారం చూడ్డానికి వెళ్లకుండానే సగం తేలిపోయింది. వీర్రాజు గారికైతే మొత్తం తేలిపోయింది. పద్దెనిమిది వేలు, పద్దెనిమిది వేలు అని జపం మొదలుపెట్టారు.

రొయ్యల చెరువు గట్టు మీద

బుల్లిరాజు గారు మంచి మనిషి. ఇది ముందే చెప్పాలి. మీటరు వెనక్కి తిప్పేవాళ్లని నేను చాలామందిని చూశాను. ఆయన ఆ రకం కాదు. రొయ్యల చెరువుల పక్కన షెడ్డులో కారుని తెల్ల దుప్పటి కప్పి ఉంచారు. దుప్పటి తీస్తే, మా వెంట వచ్చిన వీర్రాజు గారు కారు చుట్టూ ఓసారి తిరిగొచ్చారు. పెళ్లికూతురిలా ఉంది. రంగులో మన ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు.

ప్రసాదరావు గారు అప్పటికే వరండాలో బొండాం తాగుతున్నారు. నేను చాప పరుచుకుని కిందకి దూరాను.

చూసినవి చూసినట్టు చెబుతాను. టైర్ల గీతలు అరగలేదు, కానీ రబ్బరు ఎండిన చెరువులా బీటలు వారింది. బ్రేకులు కొత్తవాటిలా ఉన్నాయి. రేడియేటరుకి మూడుచోట్ల అతుకులు. ఫ్యాను ఆగకుండా తిరిగేలా విడిగా ఒక స్విచ్చు పెట్టారు. సీట్ల కింద అక్షింతలు, ఎండిన బంతిరేకులు, తళుకు కాగితాలు. ఇంజను ఆయిలు చూసే పుల్ల పైకి లాగితే చివర అంటుకున్నది నూనె కాదు, చింతపండు గుజ్జు.

తర్వాత నడిపి చూశాను. మొదటి గేరు పడటానికి ఒకటే గొణుగుడు. మూడూ నాలుగూ మాత్రం ఇప్పుడే ప్యాకింగు విప్పినట్టున్నాయి. కాలవ వంతెన ఎక్కబోతే ఇంజను అరిచింది, కారు మాత్రం ఎక్కలేదు. క్లచ్ జారిపోతోంది. పద్దెనిమిది వేలు తిరిగిన కారులో మొదటి గేరు ముసలిది, నాలుగో గేరు పసిపిల్ల. ఇలా ఎక్కడా చూడలేదు.

తిరిగొచ్చి, ఈ కారు ఏ పనిమీద వాడతారండీ అని అడిగాను.

ఆయన సంతోషంగా చెప్పారు. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా ఊరేగింపుకి ఈ కారే పంపిస్తారట. వెనక మడిచిన టాపు మీద పరుపు వేసి వధూవరుల్ని కూర్చోబెడతారు. ముందు బ్యాండు, దాని వెనక కారు. మేనమామలందరూ డ్యాన్సు చేసి అలిసేదాకా కదలదు. ఒక్కో ఊరేగింపుకి మూడు నాలుగు గంటలు పడుతుంది. గుడి నుంచి కల్యాణమండపం దాకా, మహా అయితే కిలోమీటరు. ఇన్నేళ్లలో ఆ కారు ఊరి పొలిమేర దాటింది తక్కువ.

"ఆయిల్ ఎప్పుడు మార్చారండీ?"

"పుస్తకంలో అయిదు వేల కిలోమీటర్లకి మార్చమన్నాడండి. నేను పుస్తకం తప్పను. పోయినసారి మార్చి ఎనిమిదేళ్లయింది. ఇంకా రెండు వేల కిలోమీటర్లు టైముందండి."

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఇంత నమ్మకంగా, ఇంత నిజాయితీగా, నియమం తప్పకుండా కారుని పాడుచేసిన మనిషికి ఆ సంగతి ఎలా చెబుతారు? కాలేజీలో ఈ పాఠం లేదు. చెరువు గట్టు మీద జనరేటరు ఆడుతోంది. దానివైపు చూపించి, దానికి ఆయిల్ ఎప్పుడు మారుస్తారండీ అని అడిగాను.

"దానికి గంటల లెక్కండి. అదెక్కడికి తిరుగుతుంది, ఒక్కచోటే కూర్చుని..."

 జనరేటరు వైపు చూశారు. కారు వైపు చూశారు. మళ్లీ జనరేటరు వైపు చూశారు.

"అంటే ఇన్నాళ్లూ నేను పెళ్లిళ్లకి జనరేటరు పంపిస్తున్నానంటారా?" అన్నారు మెల్లగా.

"పూలదండలు వేసిన జనరేటరండి," అన్నాను.

కోపం వస్తుందనుకున్నాను. ఆయన కారు బోనెట్ మీద చెయ్యి వేసి, పాపం అన్నారు. అది ఎవర్ని ఉద్దేశించో ఇప్పటికీ తెలియదు. ఆ వెంటనే భోజనానికి లేవమన్నారు. నేను రిపోర్టు రాసేశాకే లేచాను.

మూఢంలో సర్వీసింగు

అంబాజీపేట దగ్గర సోమయాజులు గారింటికి అందరం వెళ్లేసరికి ఆయన కారులోంచి దిగే ప్రయత్నంలో ఉన్నారు. అది చూడవలసిన దృశ్యం. ముందు ఒక కాలు వచ్చింది, తర్వాత ఉత్తరీయం వచ్చింది, తర్వాత "ఒరే చెయ్యివ్వండిరా" అన్న కేక వచ్చింది, చివర మనిషి వచ్చాడు.

"నాకు మోకాళ్లరిగాయి నాయనా. దానికేమీ అరగలేదు. అందుకే అమ్మేస్తున్నా," అన్నారు.

చూడ్డానికి దరిద్రంగా ఉంది. రంగు వెలిసిపోయింది. టాపుకి పంచె ముక్కతో మాసిక వేశారు. బోనెట్ నడుమ సొట్ట. కొబ్బరికాయ పడిందట. దిష్టి తీసినట్టే అనుకున్నామన్నారాయన. వీర్రాజు గారు సొట్టని వేలితో తడిమి, నావైపు జాలిగా చూశారు.

కిందకి దూరాను. తుప్పు చూద్దామంటే అడుగంతా గ్రీజు పూసి ఉంది. నాలుగు సిలిండర్ల బలం కొలిస్తే నాలుగూ ఒక్క ఇంట్లో పిల్లల్లా సమానంగా ఉన్నాయి. ఆయిల్ పుల్ల చివర తేనె రంగు. సర్వీసు ఎప్పుడు చేయిస్తారని అడిగితే ఆయన పంచాంగం చెప్పారు.

ముహూర్తాల రోజుల్లో ఒక్క రాత్రికి రెండు మూడు పెళ్లిళ్లుంటాయి. అమలాపురంలో తాళి కట్టించి రాజోలు పరిగెత్తాలి. ముహూర్తానికి పురోహితుడు అందకపోతే ఆ ఊళ్లో మళ్లీ ముఖం చూపించలేడు. అందుకని పెళ్లిళ్లుండని ఆషాఢమాసం వచ్చిందంటే ఆయిలు, గ్రీజు. మూఢం వచ్చిందంటే బ్రేకులు, బెల్టులు, ట్యూబులు. కిలోమీటర్లు చూసి ఆయన ఎప్పుడూ సర్వీసు చేయించలేదు.

"శుక్రమౌఢ్యం నాకు తీరిక, దానికి వైద్యం," అన్నారు.

మా ఆఫీసు పుస్తకంలో రాసుకోవలసిన మాట ఇది. కారుని అరగదీసేది దూరం ఒక్కటే కాదు. గంటలు, వేడి, ఉప్పుగాలి, ఊరికే కూర్చోవడం, అన్నీ అరగదీస్తాయి. మీటరు వాటిలో ఒక్కదాన్నే లెక్కపెడుతుంది. తక్కువ అంకె చూడగానే "ఎందుకు తక్కువ?" అని అడగండి. పెద్ద అంకె చూడగానే "ఎవరు చూసుకున్నారు?" అని అడగండి. ఆ తర్వాత కారు కిందకి దూరి, వాళ్లు చెప్పింది నిజమో కాదో చూడండి. నా పట్టికలో కిలోమీటర్లకి ఇప్పుడు పదే మార్కులు.

అయినా వీర్రాజు గారు ఒప్పుకోలేదు. అంకె తలకెక్కిన మనిషికి లెక్కలు ఎక్కవు. క్లచ్ మార్పించుకోవచ్చు, ఇంజను విప్పించుకోవచ్చు, కానీ పద్దెనిమిది వేలు పద్దెనిమిది వేలే కదా అన్నారు. ప్రసాదరావు గారు తన కాఫీ తను తాగుతున్నారు. నేను ఆయనకి అర్థమయ్యేలా చెబుదామని కాగితం మీద ఇంజను బొమ్మ గీస్తున్నాను.

సత్యవతి గారు అప్పటిదాకా సోమయాజులు గారి భార్యతో అరటిగెలల గురించి మాట్లాడుతున్నారు. అక్కడి నుంచే అన్నారు.

"ఏవండీ, మన నిడదవోలు యార్డులో షంటింగ్ ఇంజను రోజంతా పనిచేస్తుంది కదా. స్టేషను దాటి ఎప్పుడైనా వెళ్లిందా?"

"లేదు."

"దాన్నెక్కి కాశీకి బయల్దేరతారా?"

వీర్రాజు గారు పురోహితుడి కారే కొన్నారు.

అంతర్వేది దాకా

షష్టిపూర్తి మర్నాడు వాళ్లు బయల్దేరారు. మా రిపోర్టు మీద నమ్మకంతో కొన్న కారు దారిలో ఆగితే ఆఫీసు పరువు పోతుందని, ప్రసాదరావు గారు నన్ను ఆఫీసు కారులో పనిముట్ల సంచితో వెనకాలే వెళ్లమన్నారు. కాబట్టి ఇది నా కళ్లతో చూసిందే.

విజ్జేశ్వరం దాటాం, బరాజ్ మీదుగా బొబ్బర్లంక చేరాం. కారు గోదావరి గాలిలో పాటలా వెళ్తోంది. ఆత్రేయపురంలో పూతరేకుల దుకాణాలు మొదలయ్యాక ఎడమ సీట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి దుకాణం వైపు చూపించింది. కారు వేగం తగ్గలేదు. రెండో దుకాణం దగ్గర చెయ్యి ఇంకా పొడుగ్గా వచ్చింది. కారు వేగం పెరిగింది. చివరి దుకాణం దగ్గర చెయ్యి రాలేదు, తల వచ్చింది. ఆ తల వెనక్కి తిరిగి, దుకాణం కనుమరుగయ్యేదాకా చూసింది.

ఆ తర్వాత టీ బడ్డీ దగ్గర, జామకాయల బండి దగ్గర, రాజోల్లో ఎవరో దూరపు చుట్టం "ఒసే సత్యా" అని చెయ్యూపిన చోట, ఎక్కడా కారు ఆగలేదు. గార్డుగా జీవితమంతా ఆయన జెండా ఊపితేనే బండి కదిలింది. ఇప్పుడు పక్కన ఎర్ర చీర కొంగు ఊగుతున్నా ఆయనకి కనపడలేదు.

అంతర్వేదిలో గుడి ముందు దిగి వీర్రాజు గారు గెలిచిన మనిషిలా నిలబడ్డారు.

"చూశావా? ఒక్కచోట ఆగలేదు."

ఆవిడ సీట్లోంచి కదల్లేదు. నన్ను పిలిచారు.

"బాబూ, బ్రేకులు బాగున్నాయని రాశావు కదా?"

"చాలా బాగున్నాయండి."

"మరి ఈయన కాలికి ఎందుకు అందలేదు?"

వీర్రాజు గారి ముఖం అప్పుడు చూడాలి. దారిలో ఆగకూడదన్నది నువ్వే కదా అన్నారు. కారు ఆగకూడదన్నాను, మీరు ఆపకూడదన్నానా అన్నారావిడ. ఆగితే మళ్లీ స్టార్టవుతుందో లేదోనని భయమేసిందని ఆయన నెమ్మదిగా ఒప్పుకున్నారు. అవుతుందండీ, మొదటి తిప్పుకే అవుతుందని నేనంటే, ఎందుకొచ్చిన రిస్కు బాబూ అన్నారు. దర్శనం చేసుకుని వచ్చాక సత్యవతి గారు నేరుగా వచ్చి ఆఫీసు కారులో, నా పక్కన కూర్చున్నారు. "పాలకొల్లు వద్దులే. ఆగే కారులో ఇంటికెళ్దాం," అన్నారు.

తిరుగు ప్రయాణంలో మేం ముందు, ఆయన వెనక. రాజోల్లో ఆగాం, చుట్టం ఇంట్లో మజ్జిగ తాగాం. జామకాయల దగ్గర ఆగాం. ఆగిన ప్రతిచోటా ఆయనా వెనక ఆగక తప్పలేదు. మొదట ఇంజను ఆపకుండా కూర్చున్నారు. తర్వాత ధైర్యం చేసి ఆపారు, తిప్పారు, అందుకుంది. నావైపు చూసి తలూపారు. తర్వాతి మజిలీలో అవసరం లేకపోయినా రెండుసార్లు ఆపి తిప్పి చూసుకున్నారు.

ఆత్రేయపురంలో ఆవిడ పూతరేకులు కట్టించుకుని బయటికొచ్చారు. పొట్లం పట్టుకుని రెండు కార్ల మధ్య నిలబడ్డారు. వీర్రాజు గారు లోపలి నుంచే చెయ్యి చాపి ఎడమ తలుపు తెరిచారు.

"ఆపమంటే ఆపుతారా?"

"ఆపుతాను."

"ఎక్కడ?"

"నువ్వు ఎక్కడంటే అక్కడ."

ఆవిడ ఎక్కారు. ఈసారి నేను వెనక. కారు కదిలిందో లేదో మళ్లీ ఆగింది. ఏదో అయిందని సంచి పట్టుకుని పరిగెత్తాను.

"ఏం కావాలి?" అని అడుగుతున్నారాయన.

"ఏమీ అక్కర్లేదు. పోనివ్వండి," అన్నారావిడ, పూతరేకు విరుస్తూ.

నాలుగు కొబ్బరిచెట్లు దాటాక మళ్లీ ఆగింది. కాలవ మలుపులో మళ్లీ. బొబ్బర్లంక లాకుల దగ్గర మళ్లీ. బరాజ్ చేరేసరికి నేను సంచి వెనక సీట్లో పడేసి, లెక్కపెట్టడం మానేశాను. కారు మాత్రం ప్రతిసారీ మొదటి తిప్పుకే అందుకుంది.